కరెంటు ఎక్కడి నుంచి వస్తుందో మూడో తరగతి పిల్లలకు ఎలా చెప్పాలి?

నిర్వచనంతో కాకుండా 1.5 వోల్టుల టార్చి సెల్లు, చిన్న బల్బు, రెండు తీగ ముక్కలతో మొదలుపెట్టడం మేలు. తీగను ఒకచోట విడదీయగానే బల్బు ఆరిపోవడం చూసిన పిల్లలకు, విద్యుత్తు ప్రవహించడానికి తెగని దారి కావాలని వేరే చెప్పనక్కరలేదు. ఇంటి ప్లగ్గులో ఉండేది 230 వోల్టులు కాబట్టి అక్కడ ఈ ప్రయోగం చేయకూడదని ముందే గట్టిగా హెచ్చరించాలి.

ఆ తర్వాత సైకిలు డైనమోను తిప్పి బల్బు వెలిగిస్తూ, శ్రీశైలంలో ఎత్తు నుంచి దూకే కృష్ణా నీరు, రామగుండంలో బొగ్గు మండించి పుట్టించిన ఆవిరి కూడా టర్బైన్లనే పెద్ద చక్రాలను ఇలాగే తిప్పుతాయని, వాటితో పాటు తిరిగే జనరేటర్లు విద్యుత్తును పుట్టిస్తాయని వివరించవచ్చు. కర్నూలు సౌర పార్కులోని పలకలు మాత్రం, ఏ జనరేటరూ తిరగకుండానే, వెలుతురును నేరుగా విద్యుత్తుగా మారుస్తాయి. పాఠాల్లో తరచూ దాటవేసే ఈ తేడా దగ్గరే పిల్లలు ఎక్కువ ప్రశ్నలు వేస్తారు, అక్కడ తొందరపడకూడదు.