నాన్న మీద సినిమా అంటే అమ్మ మాట్లాడటం మానేసింది

సమస్య: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. 1996 తుపానులో మా కొబ్బరి తోట పడిపోయాక నాన్న తాగుడు మొదలుపెట్టి, నన్నూ చెల్లినీ ఏళ్ల తరబడి కొట్టారు. ఆయన పోయారు. ఆ రోజుల మీద షార్ట్ ఫిల్మ్ తీస్తానంటే అమ్మ "పోయినాయన్ని బజారుకీడుస్తావా" అని మాట్లాడటం మానేసింది. రాద్దామని కూర్చుంటే ఆ రాత్రి ఇక నిద్ర ఉండదు, గేటు చప్పుడైతే గుండె దడ. తీయాలా, వద్దా?

జవాబు: తీయండి. కెమెరా మాత్రం ఇప్పుడే అద్దెకు తేకండి.

నాకు స్క్రిప్టు కన్నా ఆ గేటు చప్పుడు ముఖ్యం. సినిమా తీస్తే మనసు తేలికవుతుందని చాలామంది అంటారు గానీ, అదే దెబ్బల సీను రాసి, రిహార్సల్ చేసి, నాలుగైదు టేకులు తీసి, ఎడిటింగ్‌లో వారాల తరబడి చూస్తూ కూర్చోవడం ఇప్పుడు మీరున్న స్థితిలో మంచిది కాదు. ముందు ఒక సైకాలజిస్టుని కలవండి. దగ్గర్లో ఎవరూ లేకపోతే 14416కి ఫోన్ చేయండి, అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, డబ్బులేం కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. రాసేది పగలు రాయండి, రాత్రిళ్లు వద్దు.

ఇక అమ్మగారు. ఆవిడ భయం నాన్నగారి పరువు గురించే అనుకుంటున్నారు మీరు. నాకలా అనిపించలేదు. సినిమా చూసినవాళ్లు "మరి తల్లి ఏం చేస్తోంది?" అంటారని ఆవిడ భయం కావచ్చు. మీరూ ఆ ప్రశ్న ఎప్పుడూ అడిగినట్టు లేరు. స్క్రిప్టు చేతికివ్వకుండా, ముందు ఆవిడతో కూర్చుని ఆ రోజులు తనకెలా గడిచాయో అడగండి, మధ్యలో వాదించకుండా వినండి. ఒప్పుకోకపోవచ్చు కూడా. అయినా తీయవచ్చు, అది మీ బాల్యం.

పడిపోయిన తోట స్థానంలో కొత్త మొక్కలు కాపుకి రావాలంటే ఆరేడేళ్లు పడుతుంది, ఆ ఏళ్లన్నీ అప్పుల మీదే బతికి ఉంటారు. అది సినిమాలో పెట్టండి. కారణం చెప్పినంత మాత్రాన ఆయన్ని క్షమించినట్టు కాదు.

చిన్నపిల్లాడి చేత దెబ్బలు తినే సీను చేయించకండి, దయచేసి. మూసిన తలుపు, లోపల్నుంచి మాట వినిపిస్తే చాలు. మామూలు సీన్లకైనా బాల కార్మిక చట్టం కింద వచ్చిన 2017 నిబంధనల ప్రకారం పిల్లలతో రోజుకి 5 గంటలు మించి, విరామం లేకుండా 3 గంటలు మించి పని చేయించకూడదు, కలెక్టరు అనుమతి కూడా కావాలి. "మనవాళ్ల పిల్లాడే కదా" అని వదిలేసే విషయం కాదిది. మీ సొంతింట్లో కూడా షూటింగ్ వద్దు, వేరే ఇల్లు చూసుకోండి.

యూట్యూబ్‌లో పెడితే కామెంట్లు ఆపేయండి, లేదా ఒక స్నేహితుడికి అప్పజెప్పండి. బంధువులు అందులో ఏం రాస్తారో మీకూ తెలుసు.

చెల్లెలి సంగతి ఉత్తరంలో ఒక్క ముక్కే రాశారు. ఆ దెబ్బలు తనూ తింది, ఇప్పుడు అత్తవారింట్లో ఉందంటే వాళ్లకి ఇవేవీ తెలియకపోవచ్చు. ఫోన్‌లో కాకుండా వెళ్లి అడగండి. వద్దంటే కథలో అబ్బాయికి చెల్లెలు లేదు, అంతే.