పార్లర్‌లో పై పెదవికి వ్యాక్సింగ్ చేయించుకుంటే వెంట్రుకలు మరింత ముదురుగా మొలుస్తాయా?

మొలవవు. నాకు ఎనిమిదో తరగతిలోనే మా మేనత్త ఈ భయం పెట్టింది కనుక మీ సందేహం నాకు బాగా అర్థమైంది. బ్లేడుతో గీస్తే వెంట్రుక చర్మం పైన తెగుతుంది; మొండిగా మిగిలిన కొస వేలికి గరుకుగా తగిలేసరికి అది ముదిరిందని అనుకుంటాం. వ్యాక్స్ కుదురుతో సహా లాగేస్తుంది కాబట్టి, 3 నుంచి 6 వారాల తరువాత వచ్చేది సన్నని కొసతోనే వస్తుంది. గడ్డం మీద బిరుసు వెంట్రుకలు కొత్తగా వస్తూ, నెలసరి కూడా తప్పుతూ ఉంటే మాత్రం ముందు డాక్టరుకు చూపించుకోండి.

నన్నడిగితే, వెంట్రుకల కన్నా ముందు చర్మం సంగతి ఆలోచించాలి. నాలుగేళ్ల క్రితం, మా చెల్లెలి పెళ్లి మూడు రోజులుందనగా, విజయవాడలో మా వీధి చివరి పార్లర్‌కు వెళ్లాను. త్రెడింగ్ చేస్తే నాకు కళ్లలో నీళ్లు తిరుగుతాయి. అందుకని ఈసారి పై పెదవికి కూడా వ్యాక్సే పెట్టమన్నాను. అప్పటికి మూడు నెలలుగా మొటిమలకని రోజూ రాత్రి అడాపలీన్ జెల్ రాసుకుంటున్నాను. పార్లర్ అమ్మాయి అడగలేదు, నేను చెప్పలేదు. గోరువెచ్చని హనీ వ్యాక్స్ పూసి, స్ట్రిప్ అద్ది, ఒక్క లాగు లాగేసరికి పెదవి ఎడమ మూలకు పైన చిటికెన వేలి గోరంత మేర చర్మం కూడా ఊడి వచ్చింది. ఎప్పుడూ ఉండే మంటే అనుకుని చెమట తుడుచుకోబోతే ప్రాణం లేచిపోయింది. అద్దంలో చూస్తే అక్కడ తొక్క ఒలిచిన టమాటాలా ఎర్రగా, తడితడిగా ఉంది. ఆ అమ్మాయి ఐసు ముక్క పెట్టి, "సాయంత్రానికి తగ్గిపోతుంది మేడం" అన్నది. డబ్బులు మాత్రం పూర్తిగా తీసుకుంది.

మర్నాటికి గోధుమరంగు చెక్కు కట్టింది. చెల్లెల్ని పెళ్లికూతుర్ని చేసేటప్పుడు మా పెద్దమ్మ ప్రేమకొద్దీ నా ముఖానికి కూడా పసుపు పులిమితే, అందరి ముందూ కేక వేశాను. పెళ్లి ఫోటోలన్నింటిలోనూ కుడి చెంపే చూపిస్తూ నిలబడ్డాను. "కాఫీతో మూతి కాల్చుకున్నావా?" అని అడగని బంధువు లేరు. చెక్కు వారంలో రాలినా, నల్ల మచ్చ నాలుగు నెలలు ఉండిపోయింది.

స్కిన్ డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, "రాత్రిపూట ముఖానికి ఏం రాస్తున్నారు?" అన్నదే. అడాపలీన్, ట్రెటినాయిన్ వంటివి వాడుతుంటే చర్మం పై పొర పలచగా, సున్నితంగా ఉంటుందనీ, వ్యాక్స్ వెంట్రుకతోపాటు ఆ పొరనూ పట్టుకుపోతుందనీ ఆవిడ వివరించారు. ముఖానికి వ్యాక్స్ చేయించుకోవాలంటే కనీసం వారం ముందు జెల్ ఆపాలట. మొటిమలకు మింగే ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడేవాళ్లు, అవి మానేశాక కూడా 6 నెలల వరకూ ఆ ఊసే ఎత్తకూడదట. "నాకు వ్యాక్స్ పడదు, ఎలర్జీ" అని చెప్పుకునేవారిలో సగం మంది కథ ఇదేనని నా గట్టి నమ్మకం.

గోడ మీద హనీ, చాక్లెట్, అలోవెరా అని వరుసగా రాసి, ఒక్కోదానికీ ఒక్కో రేటు పెట్టే పార్లర్లు ఈ ఒక్క ప్రశ్న అడగడానికి ఎందుకు బద్ధకిస్తాయో తెలియదు. ఒకరి చంకలో రాసిన చెక్క పుల్లనే తిరిగి డబ్బాలో ముంచే చోట నేను లేచి వచ్చేస్తాను.

చేతులకూ కాళ్లకూ ఇప్పటికీ వ్యాక్సింగే చేయించుకుంటాను. బియ్యపు గింజంత పెరిగాకే వెళ్తాను, అంతకన్నా పొట్టిగా ఉంటే వ్యాక్స్‌కు పట్టు దొరకదు. వెంట్రుక వాలిన దిక్కున పూసి, చర్మాన్ని బిగబట్టి, పైకి ఎత్తకుండా ఎదురు దిక్కుకు లాగడం తెలిసిన అమ్మాయి దొరికితే ఆమెను వదలను. పై పెదవికి మాత్రం, ఏడ్చుకుంటూ అయినా సరే, త్రెడింగే. కిందటి నెల కొత్తగా చేరిన అమ్మాయికి ఈ కథంతా చెబుతుంటే, ఆమె నా చేతికి రాస్తున్న వ్యాక్స్ ఆపి, తన మూతి తడుముకుంటూ, "నేనూ ఆ జెల్లే రాస్తున్నానక్కా" అన్నది.