కొర్రమీను గాలంతో పండుగప్పకా?

ప్రశ్న: చెరువులో కొర్రమీను పట్టే గాలంతోనే కళింగపట్నంలో వంశధార మొగ (నది సముద్రంలో కలిసే చోటు) దగ్గర పండుగప్పకు వేస్తున్నాను. చేప తగులుతోంది గానీ ప్రతిసారీ కొక్కెం దగ్గరే దారం తెగుతోంది. లోపం ఎక్కడండీ?
– ఒక పాఠకుడు, ఆమదాలవలస

జవాబు: దారం బలం చాలకపోవడం కాదండీ, కోసుకుపోతోంది. పండుగప్ప మొప్ప మూత అంచు బ్లేడులా ఉంటుంది. చేప తల విదిలిస్తే 30 పౌన్ల బరువు ఆపే అల్లిక దారమైనా నిలవదు. కొక్కేనికి ముందు మీటరు పొడవున 40–50 పౌన్ల నైలాన్ లీడర్ (మందపాటి దారం ముక్క) కట్టండి. చేపను మొప్ప దగ్గర వట్టి చేత్తో పట్టుకోవద్దు.

రెండోది రీలు బిగింపు (డ్రాగ్). కొర్రమీను తగలగానే నాచులోకి, తామరలోకి దూరుతుంది కాబట్టి అక్కడ డ్రాగ్ గట్టిగా బిగించి లాగేయాలి. పండుగప్ప పరుగెడుతుంది, నీళ్లపైకి ఎగురుతుంది. డ్రాగ్‌ను దారం బలంలో నాలుగో వంతుకే ఉంచండి. ఎగిరినప్పుడు రాడ్ కొన కిందికి దించండి, లేకపోతే కొక్కెం ఊడుతుంది.

కొర్రమీను గాలి పీల్చడానికి పైకి వచ్చిన చోట కప్ప ఎర వేస్తే చాలు. మొగలో మాత్రం ఆటుపోట్లే ముఖ్యం: నీరు మళ్లే వేళ, రాళ్ల పక్కన వేయండి. ఉప్పునీటి నుంచి రాగానే రీలును మంచినీళ్లతో కడగాలి.

ఒక మనవి. పండుగప్ప మొదట మగది, పెద్దయ్యాక ఆడది అవుతుంది. బాగా పెద్దవి దొరికితే వదిలేయండి. వానాకాలంలో ఎర్రటి పిల్లల గుంపును కాచే కొర్రమీను జోలికీ వెళ్లవద్దు.