చదువుకుంటే దెయ్యాలు, చేతబడుల మీద నమ్మకం పోతుందా?

మా చిన్నాన్న బీఎస్సీ, బీఈడీ. హైస్కూల్లో సైన్స్ చెప్పేవారు. ఆయన్ని చూసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, పోదు. మనకి చెప్పే చదువుతో అయితే అసలు పోదు.

1998 ప్రాంతం. చీపురుపల్లి దగ్గర మా ఊరు. మా పిన్నికి పుట్టిన బిడ్డ పురిట్లోనే పోయింది. నెల తిరక్కుండా ఆవిడ మళ్లీ పొయ్యి దగ్గరా, పొలంలోనూ. కొన్నాళ్లకి, సందెవేళ అయ్యేసరికి గొంతు మారిపోయేది. ఎప్పుడో చనిపోయిన మా పెద్దత్తని నేనే అంటూ, చిన్నాన్నని పట్టుకుని "ఒరే, అన్నం ఎట్టరా" అనేది. ఊరంతా గాలి సోకిందన్నారు.

చిన్నాన్నే వెళ్లి నాగావళి అవతల నుంచి భూతవైద్యుణ్ణి తీసుకొచ్చారు. ముంగిట్లో ముగ్గు, వేపమండలు, ఎండుమిరపకాయల పొగ. దూరంగా ఉన్న మాకే దగ్గు ఆగలేదు, ఇక పిన్ని సంగతి చెప్పాలా. చివర్లో అతను ఇత్తడి పళ్లెంలో పసుపునీళ్లు పోసి, ఏదో చదివి, చెంబులోంచి ఇంకాసిని నీళ్లు చిలకరించాడు. పళ్లెం ఎర్రబడింది. "రక్తం కక్కింది, ఇక వదిలేస్తాది" అన్నాడు. జనం వెనక్కి జరిగారు. చిన్నాన్న రెండు చేతులూ జోడించారు.

అంతకు రెండు నెలల ముందే ఇదే మనిషి మా క్లాసులో పసుపు రాసిన కాగితం మీద సబ్బునీళ్ల చుక్క వేసి, ఎర్రబడగానే "క్షారం!" అని బల్ల గుద్దారు. నేను ముందు బెంచీలో ఉన్నాను. ఆ రాత్రి నాకూ అది గుర్తు రాలేదు. రక్తమే అనుకున్నాను.

గుర్తుపట్టింది మా నాయనమ్మ. వేలిముద్ర మనిషి. తమలపాకుకి సున్నం రాసుకుంటూ, "ఏట్రా ఆ వింత? పసుపులో సున్నం కలిపితే ఎర్రగవ్వదేటి? పారాణి ఎప్పుడూ సూడనేదా?" అంది. ఎవరూ పట్టించుకోలేదు. అతనికి కోడీ, నూటపదహార్లూ ముట్టాయి.

తెల్లారాక నాయనమ్మే పిన్నిని పుట్టింటికి పంపింది, కోతలయ్యేదాకా రానక్కర్లేదని చెప్పి. అక్కడ తిని, పడుకుని, తనివితీరా ఏడ్చి, మూడు నెలలకి మామూలు మనిషైంది. మధ్యలో విజయనగరంలో డాక్టరుకీ చూపించారట. ఇప్పుడైతే మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. అప్పుడు ఊరంతటికీ ఒక్కటే ఫోను, అదీ సగం రోజులు పనిచేయదు.

నాకిప్పటికీ మింగుడుపడని సంగతొకటి. బిడ్డ పోయిన మనిషిని "ఎలా ఉన్నావే" అని అడగడానికి మా ఇంట్లో ఎవరికీ తీరలేదు. దెయ్యాన్ని మాత్రం ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుని "నీకేం కావాలి" అని అడిగాం.

డిగ్రీలుంటే చాలనేవాళ్లు 2021లో మదనపల్లెని గుర్తు చేసుకోండి. మూఢనమ్మకంతో ఇద్దరు కూతుళ్లని చంపుకున్నారన్న ఆ కేసులో తల్లీతండ్రీ ఇద్దరూ చదువు చెప్పేవాళ్లే. ఇటు మన ఏజెన్సీలో చిల్లంగి (చేతబడి) పెట్టారంటూ ముసలివాళ్లని కొడితే, 'నిరక్షరాస్యత' అని ఒక్క ముక్క రాసి పేపర్లు చేతులు దులుపుకుంటాయి. అదే పేపర్లో రాశిఫలాలు మాత్రం ఒక్కరోజు కూడా మానవు.

అసలు మేం సైన్స్ ఎక్కడ చదివాం? బిట్లు చదివాం. ల్యాబ్ బీరువాకి తాళం, తాళంచెవి హెడ్మాస్టరు దగ్గర, హెడ్మాస్టరు ఎప్పుడూ బస్సులో. శాస్త్రీయ దృక్పథం పెంచుకోవడం పౌరుడి విధి అని 1976లో 42వ సవరణతో రాజ్యాంగంలో చేర్చారు కదా, సోషల్లో అదీ ఒక బిట్టే. నాకు మార్కు వచ్చింది.

చిన్నాన్న రిటైరయ్యారు. ఆ మధ్య ధైర్యం చేసి పళ్లెం సంగతి అడిగాను. "అది స్కూలు, ఇది ఇల్లురా" అన్నారు, వంటింట్లో ఉన్న పిన్నికి వినబడకుండా గొంతు తగ్గించి.