కృత్రిమ రక్తం వచ్చేస్తే దాతల కోసం తిరగక్కర్లేదా?

"ఆక్సిజన్ మోసే కృత్రిమ రక్తం వస్తోందట, ఇక దాతల కోసం తిరగక్కర్లేదా?" అని అడిగారు. తిరగాలండీ, ఇంకా చాలా ఏళ్లు. ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, అలాంటి సరుకు రక్తనాళాన్ని ఏం చేస్తుందో నా కళ్లతో చూశాను.

ఎం.ఫార్మసీ వైజాగ్‌లోనే చేశాను. ప్రాజెక్టు కోసం ఎలుక ఎర్రకణాలను కడిగి, నీళ్లలో పగలగొట్టి, పెంకులు సెంట్రిఫ్యూజ్‌లో తీసేస్తే మిగిలేది ఉత్త హిమోగ్లోబిన్. ఆక్సిజన్ మోసేది అదే, ఇలాంటి కృత్రిమ రక్తానికి ముడిసరుకూ అదే. అచ్చం దానిమ్మ రసంలా ఉంటుంది. మత్తిచ్చిన ఎలుక పేగును కాస్త బయటికి తీసి, దాన్ని అంటుకుని ఉండే పల్చటి పొరను మైక్రోస్కోపు కింద పరిచి, ఎండిపోకుండా గోరువెచ్చని సెలైన్ చుక్కలు వేస్తూ కూర్చోవాలి. మే నెల, ఏసీ పనిచేయదు. కొత్త ఏసీకి ఫైలు పెట్టి రెండేళ్లయింది. గేటుకి మాత్రం ఏటా రంగులేస్తారు.

నేను ఎంచుకున్న చిన్న ధమని ఐపీస్ స్కేలు మీద 12 గీతలుంది. ద్రావణం మెడ నరంలోకి ఎక్కిస్తుంటే కాసేపటికే 11, 10, 9. దాని దిగువన కేశనాళికల్లో జరజరా పోతున్న కణాలు తడబడ్డాయి, రెండు మూడు దారులు నిలిచిపోయాయి. బీపీ మాత్రం పైకి. యానిమల్ హౌస్ చూసుకునే మావయ్య ఓసారి తొంగిచూసి "ఏటమ్మా, కాలవ సన్నబడిపోనాది?" అన్నాడు. నా థీసిస్ మొత్తం ఆ ఒక్క ముక్కే.

నాళం గోడలో పుట్టే నైట్రిక్ ఆక్సైడ్ నాళాన్ని వదులుగా ఉంచుతుంది. ఎర్రకణం సంచిలో ఉన్నంతసేపూ హిమోగ్లోబిన్ దాని జోలికి పెద్దగా పోదు. బయటపడిందా, గోడ పక్కకే చేరి మింగేస్తుంది. పైగా ముక్కలై మూత్రపిండాల్లోంచి కారుతుంది, సాయంత్రానికి ఎలుక మూత్రం డికాషన్ రంగులో ఉంది.

హిమోగ్లోబిన్ ముక్కలవకుండా కంపెనీలవాళ్లు రసాయనాలతో కట్టేశారు, కానీ నాళాల గొడవ పోలేదు. బాక్స్‌టర్ కంపెనీ వాళ్లు అలా చేసిన హెమ్‌అసిస్ట్‌ను గాయపడ్డవాళ్లకి ఇస్తే మరణాలు పెరిగాయి, 1998లో ఆపేశారు. 2008లో ఇలాంటివాటిపై 16 ట్రయల్స్, 3,711 మంది లెక్క కలిపి చూస్తే మరణం ముప్పు 30 శాతం ఎక్కువ, గుండెపోటు ముప్పు 2.7 రెట్లు. ఆవు రక్తంతో చేసిన హెమోప్యూర్‌కు 2001లో దక్షిణాఫ్రికా అనుమతినిచ్చింది, అదీ నిజమే.

నన్నడిగితే, ఎంత ఆక్సిజన్ మోస్తుందన్నది కాదు, ఎన్ని కేశనాళికలు తెరిచి ఉన్నాయన్నది ముందు లెక్కపెట్టాలి. అమెరికాలో శాన్‌డియాగోలో ఇంటాగ్లియెట్టా అనే శాస్త్రవేత్త బృందం హ్యామ్‌స్టర్ వీపు చర్మానికి కిటికీ బిగించి, మత్తు లేకుండానే అది చూసేది. మత్తే నాళాల్ని మార్చేస్తుంది కదా, నా ఎలుకకి ఆ అదృష్టం లేదు. లారీ నిండా సరుకున్నా పూర్ణా మార్కెట్ సందులోకి పోకపోతే ఏం లాభం!

దాతలంటారా, మొన్న నాన్నగారి ఆపరేషన్‌కి రెండు యూనిట్లు తెమ్మన్నారు. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో దండాలు పద్నాలుగు వచ్చాయి, మనిషి మాత్రం రాలేదు. పెందుర్తి నుంచి మా తమ్ముడొచ్చాడు. రెండో యూనిట్‌కి వీధి చివర టిఫిన్ బండి అబ్బాయి గరిట పక్కనపెట్టి నా స్కూటీ ఎక్కాడు. ఆ పూట మా వీధికి ఇడ్లీల్లేవు.