తిట్టు ఎవరి మీద పడుతోంది?

తమ్ముడూ,

నీ స్క్రిప్టు రెండు రాత్రులు చదివాను. మొదటి రాత్రి విసుగొచ్చి పక్కన పెట్టేశాను. ఎస్సై, రౌడీ, కాలేజీ కుర్రాడు, ఆఖరికి ఆటో డ్రైవరు కూడా ఒకటే బూతు. పేర్లు చెరిపేస్తే ఎవరు మాట్లాడుతున్నారో తెలియదు. 22వ పేజీలో నాయనమ్మ మనవణ్ణి "నీ చేతులు పడిపోను" అని తిట్టి, ఆ నోటితోనే "తిన్నావురా?" అన్నచోట మాత్రం కళ్లు చెమర్చాయి. అది నువ్వు చెవులారా విన్నది. మిగతావి ఓటీటీలో చూసి రాసినవి.

సెన్సారు ఒప్పుకుంటుందా అని అడిగావు. ఆ భయం తర్వాత. 'బాండిట్ క్వీన్' సినిమా కేసులో 1996లోనే సుప్రీంకోర్టు, రోజూ వీధుల్లో వినపడే తిట్ల గురించి అంత రాద్ధాంతం అక్కర్లేదని చెప్పింది. దర్శకుడు శేఖర్ కపూర్ ఆ సినిమాను బందిపోటు ఫూలన్ దేవి నోటి బూతుతోనే మొదలుపెట్టాడు. ఆ మాట అనగలిగే దాకా ఆమె ఎన్ని పడిందో మిగతా సినిమా చెబుతుంది. దాన్ని తీసేస్తే మనిషే మిగలదు. నీ రౌడీ బూతు తీసి చూశాను, సీనులో ఏమీ తగ్గలేదు.

మన బూతుల్లో చాలావాటిలో తల్లో పెళ్లామో ఉంటుంది. కొట్టుకునేది ఇద్దరు మగాళ్లు, తిట్టు తినేది అసలు అక్కడ లేని ఆడమనిషి. అది తెలిసి రాయాలి నువ్వు.

కొత్తల్లో నేను గుంటూరు మిర్చి యార్డులో వారం రోజులు తిరిగాను. ఒక రైతు ధర విని, కమిషన్ ఏజెంటు ముందు కిక్కురుమనలేదు. తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడంతే. బయట టీ బండి దగ్గర కొడుకు గ్లాసు ఒలకబోస్తే మాత్రం వాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాడు. ఏజెంటును అనలేనివన్నీ ఆ పిల్లాడి మీద పడ్డాయి. ఆ సీను అలాగే రాశాను. నిర్మాత ఒకాయన "తిట్లు ఏజెంటు మొహాన పడాలి, విజిల్స్ పడతాయి" అన్నాడు. అప్పటికి నాలుగు నెలల ఇంటి అద్దె బాకీ, మార్చేశాను. విజిల్స్ పడ్డాయి. నేను చూసిన రైతు మాత్రం తెర మీద లేడు. 20 ఏళ్లయినా నాకా మంట తగ్గలేదు. ఇప్పుడు ట్రైలర్లో బీప్ మోగాలని బూతు రాయిస్తున్నారు. నువ్వు రాయకు.

ఇంకొకటి. నీ పనిమనిషీ, రౌడీ తెలంగాణ యాసలో తిడతారు. హీరో మాత్రం పుస్తకం చదివినట్టు మాట్లాడతాడు. మన సినిమాలకు ఏళ్ల తరబడి పట్టిన రోగం ఇది. ఆ యాసలో ప్రేమించేవాడు నీ కథలో ఒక్కడూ లేడా?

ముందు ఎస్సై సీను మళ్లీ రాసి పంపు. 40వ పేజీలో పైఆఫీసరు అతణ్ణి అందరి ముందూ తిట్టాడు. ఆ సాయంత్రం ఎస్సై ఇంటికెళ్లి తలుపు తీసిన మనిషితో ఏమన్నాడో నువ్వు రాయలేదు. నాకు అది కావాలి.