ఆ బొమ్మ ఎవరిది?

ప్రశ్న: మా అబ్బాయి బైకు ట్యాంకు మీద చె గువేరా స్టిక్కరు అతికించాడు. టీషర్టు మీదా ఆయనే. ఎవర్రా అంటే "హీరో అమ్మా" అంటాడు, అంతకు మించి చెప్పలేడు. ఆ ఫొటో ఎక్కడ, ఎవరు తీశారండీ?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: అమ్మా, అది సంతాప సభలో తీసిన ఫొటో. 1960 మార్చి 4న క్యూబా రాజధాని హవానా రేవులో ఆయుధాలు దించుతుండగా లా కూబ్ర్ అనే ఓడ పేలిపోయింది. ఎంతోమంది చనిపోయారు, వాళ్లలో రేవు కూలీలూ ఉన్నారు. మర్నాటి సభలో ఆల్బెర్టో కోర్డా ఒక పత్రిక కోసం ఫొటోలు తీస్తున్నాడు. అంతకుముందు ఆయనది ఫ్యాషన్ ఫొటోగ్రఫీ. క్యూబా విప్లవ నాయకుల్లో ఒకడైన చె వేదిక అంచుకి వచ్చి, కొన్ని క్షణాలు జనాన్ని చూసి, వెనక్కి వెళ్లిపోయాడు. కోర్డాకి దక్కినవి రెండే ఫ్రేములు, ఒకటి అడ్డం, ఒకటి నిలువు. అడ్డం ఫ్రేములో ఒక పక్క ఇంకో మనిషి ముఖం, మరో పక్క చెట్టు మట్టలు ఉన్నాయి. ఆ రెండు పక్కలూ కోసేస్తే మిగిలిందే మీ అబ్బాయి బైకు మీదున్నది.

ఆ పత్రిక అప్పుడు ఈ ఫొటో వేసుకోలేదు. ఏళ్ల తరబడి కోర్డా స్టూడియో గోడకే ఉండిపోయింది. 1967 అక్టోబరులో చెని బొలీవియాలో చంపేశాక పోస్టర్లయి ఐరోపా అంతా పాకింది. 1968లో ఐర్లండ్ చిత్రకారుడు జిమ్ ఫిట్జ్‌పాట్రిక్ దాన్ని ఎరుపు నలుపుల్లో గీశాడు. నీడల ఛాయలన్నీ పోయి ముదురు గీతలే మిగిలాయి. స్టెన్సిల్ పెట్టి గోడ మీద రంగు కొట్టడానికి అంతకన్నా తేలికైన ముఖం లేదు, అందుకే ఇన్ని గోడలెక్కింది. కోర్డా దాని మీద రాయల్టీ అడగలేదు. వోడ్కా ప్రకటనలో వాడినప్పుడు మాత్రం ఊరుకోలేదు. 2000లో కేసు వేసి, రాజీలో వచ్చిన 50 వేల డాలర్లను క్యూబాలో వైద్యానికి ఇచ్చేశాడు. మీ అబ్బాయికి ఆ సభ సంగతి చెప్పండమ్మా. ఆ చూపు ముందురోజు పోయినవాళ్ల కోసం.

ప్రశ్న: అన్నా, రేటు పడిపోయిన రోజు మార్కెట్ యార్డులో ఒక మిర్చి రైతు బస్తా మీద తల పెట్టి ఏడుస్తుంటే ఫోన్‌లో ఫొటో తీసి పెట్టాను. వేలమంది షేర్ చేశారు. మూడో రోజు ఆయన బిడ్డ ఫోన్ చేసి "నాన్న ఇల్లు దాటి బయటికి పోతలేడు, తీసెయ్యన్నా" అంది. నేను మంచికే పెట్టాను కదా, తీసెయ్యాలా?
– ఒక యువ పాఠకుడు

జవాబు: తీసెయ్యి తమ్ముడూ. ముందు ఆ పని చేసి, తర్వాత మిగతాది చదువు.

జపాన్‌లో మినమాట అనే ఊరుంది. చిస్సో కంపెనీ పాదరసం కలిసిన వ్యర్థాల్ని సముద్రంలోకి వదిలితే, ఆ చేపలు తిన్న తల్లుల కడుపులో బిడ్డలకీ విషం ఎక్కింది. అమెరికన్ ఫొటోగ్రాఫర్ యూజీన్ స్మిత్, ఆయన భార్య ఐలీన్ 1971లో వెళ్లి అక్కడే కాపురం పెట్టారు. వంకర్లు పోయిన కాళ్లూ చేతులూ ఉన్న కూతుర్ని తల్లి తొట్టిలో స్నానం చేయిస్తున్న ఫొటో 1972లో లైఫ్ పత్రికలో వచ్చింది. ఆ బాధితుల గోడు ప్రపంచానికి వినిపించడంలో దానంత పని చేసిన ఫొటో ఇంకోటి లేదంటాను. స్మిత్ కంపెనీ మనుషుల చేత దెబ్బలు కూడా తిన్నాడు. కూతురు 1977లో చనిపోయింది. తమ బిడ్డకి ఇక విశ్రాంతి కావాలని అమ్మానాన్నలు కోరారు. 1998లో ఐలీన్ ఆ ఫొటో మీద నిర్ణయాన్ని వాళ్లకే ఒప్పజెప్పింది, ఏళ్ల తరబడి ఎవరినీ అచ్చు వేయనివ్వలేదు. అది తల్లిదండ్రులు ఒప్పుకుని తీయించుకున్న ఫొటో. నువ్వు అడగను కూడా అడగలేదు.

నాకూ ఇలాంటి తప్పుంది. కొత్తగా పత్రికలో చేరినప్పుడు, మగ్గం ముందు పిల్లని ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఒక నేతకారుడి భార్యని తీశాను. ఆయన పోయి నాలుగు రోజులే. ఎన్నికలప్పుడు అదే ఫొటో బస్టాండు దగ్గర ఫ్లెక్సీలో చూశాను. ఒళ్లో పిల్లని కోసేసి, అక్కడ ఒక నాయకుడి ముఖం పెట్టారు. ఆమె అడిగింది: "మీరే ఇచ్చారా సారూ?" నేను ఇవ్వలేదు. కానీ తీసింది నేనే. తర్వాత ఇరవై ఏళ్లు ఏడుస్తున్న మనిషిని చూస్తే ముందు కెమెరా దించి, పక్కన కూర్చుని, ఆ తర్వాతే అడిగేవాణ్ని. కొందరు వద్దన్నారు. ఆ రోజు ఫొటో లేకుండానే ఆఫీసుకి వెళ్లాను, తిట్లూ తిన్నాను.

నీ కోపం సరైనదే తమ్ముడూ, వదలకు. యార్డులో పొద్దున జెండా పాట, అంటే వేలంలో పలికిన పై రేటు, అందరికీ వినబడుతుంది, ఒకటి రెండు లాట్లకి ఆ రేటు కట్టి మిగతావాళ్లకి తాలు, తేమ అని కోసేస్తే పేపర్లో మాత్రం జెండా పాటే వస్తుంది. అన్యాయం ఉన్నది అక్కడ. జెండా పాట రాసిన బోర్డు ముందు ఆ రోజు తక్‌పట్టీ, అంటే రైతుకి అమ్మకం లెక్క రాసిచ్చే చీటీ, పట్టుకుని ఒక ఫొటో తియ్యి. రెండు అంకెలూ ఒకే ఫ్రేములో చదవగలిగేలా ఉండాలి.

రేపు వాళ్లింటికి వెళ్లు, ఫోన్ జేబులోంచి తియ్యకు. ఆయన బిడ్డ ముందే తప్పు ఒప్పుకో. ఎప్పటికైనా ఆయనే సరేనంటే, తక్‌పట్టీ ఆయన చేతికే ఇచ్చి, పేరున్న చోట బొటనవేలు అడ్డం పెట్టమను.